మా నాగేశ్వరి ఎవరికేమవుతుంది?

"ప్యాకప్!" అని అరిచాను.

హాల్లో చాపల మీద దిగాలుగా కూర్చున్న పదిహేను మంది కాందిశీకులూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఒకడు లుంగీ విప్పేసి, దాని కింద ఉన్న ప్యాంటు దులుపుకున్నాడు కూడా. ఒకావిడ చెంపలకి పూసుకున్న గంధం కొంగుతో తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, "బత్తా ఇక్కడే ఇస్తారా సార్, యూనియన్ ఆఫీసుకి రావాలా?" అని అడిగింది.

సంఘం నడిపే కరుణాకుమారి గారు కుర్చీలో కూలబడిపోయారు.

నాకు ముందే అనుమానం వచ్చింది లెండి. అంతకు ముందు ఫోటో తీస్తానని కెమెరా ఎత్తాను. ఒక్కడంటే ఒక్కడు నా వంక చూడలేదు. ఫోటో అంటే పసిపిల్లాడి దగ్గర్నుంచి పండు ముసలాడి దాకా ఎవరైనా కెమెరా వంకే చూస్తారు. కెమెరా వంక చూడకూడదని తిట్లు తిని నేర్చుకున్న జాతి ఈ ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, జూనియర్ ఆర్టిస్టులు.

నా పేరు బసవపున్నయ్య. పోలీసు ఉద్యోగం నాకు పడలేదు, నేను వాళ్ళకి పడలేదు. యూసుఫ్‌గూడలో గది తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను. ఈ కేసు ఇచ్చినాయన పేరు సెబాస్టియన్. ఢిల్లీలో ఉన్న ఒక విదేశీ దాతల సంస్థకి తనిఖీ ఆఫీసరు. ఎనభై ఎనిమిదిలో బర్మాలో కాల్పులు జరిగాక అక్కడి తెలుగువాళ్ళు కొందరు చేతికందింది పట్టుకుని పారిపోయి వచ్చారు. తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళ మనవలు. వాళ్ళకి కుట్టుపనీ, వడ్రంగమూ నేర్పి, ఏదో ఒక పనిలో కుదిర్చి, ఊళ్ళో నిలదొక్కుకునేలా చెయ్యడానికి కరుణాకుమారి గారు జూబ్లీహిల్స్‌లో ఈ సంఘం పెట్టారు. దాతల గ్రాంటుతోనే అది నడుస్తోంది.

"పోయిన వారం నాకు చూపించినవాళ్ళు అసలు కాందిశీకులేనా అని డౌటుగా ఉందండీ. ముఖ్యంగా నాగేశ్వరి అనే ఆవిడ ఎక్కడుందో కనుక్కోండి. బర్మా నేను మ్యాపులో తప్ప చూడలేదు, నన్ను వీళ్ళు తేలిగ్గా మోసం చెయ్యగలరు" అన్నాడు సెబాస్టియన్. మర్యాదస్థుడు. మాట ఎంత పద్ధతిగా ఉందో ఇస్త్రీ కూడా అంత పద్ధతిగా ఉంది.

ఇదిగో, మోసం తేలిపోయింది. గంటలో కేసు ముగించానని కాలరెగరేద్దామనుకున్నాను. అక్కడే నా బుర్ర తిరగడం మొదలైంది.

"ఎందుకమ్మా ఈ వేషాలు? చర్చికి వెళ్ళే మనిషివి!" అన్నాను.

"తప్పే. ఒప్పుకుంటున్నాను" అన్నారావిడ. నర్సాపురం వైపు మనిషి, గొంతులో బెరుకు లేదు. "కానీ నేను మనుషుల్ని పుట్టించలేదండీ. అసలువాళ్ళు ఉన్నారు. పదిహేను మందీ ఉన్నారు."

"ఉంటే వాళ్ళనే కూర్చోబెట్టొచ్చుగా? అసలు బంగారం పెట్టెలో దాచి గిల్టు నగలేసుకుని పెళ్ళికొస్తారా ఎవరైనా?"

ఆవిడ లోపలి గది వైపు తిరిగి, "ఊ వీరయ్యా, కాసిని మంచినీళ్ళు" అని కేకేశారు. నేనేదో అడిగినట్టు ఆ ఊకొట్టడమేమిటో నాకర్థం కాలేదు.

నీళ్ళు వచ్చేలోపే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హనుమంతు. మేమిద్దరం ఒకప్పుడు ఒకే స్టేషన్లో పనిచేశాం. ఒకే గదిలో ఐదు నిమిషాలు సఖ్యంగా ఉన్నది మాత్రం లేదు.

"ఏందయ్యా పున్నయ్యా, నా కేసుల నీకేం పని?"

"నీ కేసేంటి? సెబాస్టియన్ గారు నాకిచ్చాడు."

"నాకు గూడ ఇచ్చిండు. రాతపూర్వకంగ. నకిలోళ్ళను చూపెట్టి గ్రాంటు గుంజుతున్నరని." బయటికెళ్ళబోతున్న జూనియర్ ఆర్టిస్టుల్ని చూసి మీసం దువ్వాడు. "సాక్ష్యం గూడ నడుసుకుంట వచ్చింది. నడు అమ్మా, జీపెక్కు."

"ఆగు. నువ్వు అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ముందు జీపు, తర్వాత బుర్ర."

"నీకు బుర్రుంటే డిపార్ట్‌మెంట్ల ఎందుకు లేవు?"

ఒళ్ళు మండిపోయింది. అయినా నా కోపం కంటే నా అనుమానమే పెద్దది. ఒకే పనికి నన్నూ, వీణ్ణీ ఇద్దర్నీ ఎందుకు పెట్టినట్టు ఆ సెబాస్టియన్? మోసం పట్టుకోవడానికైతే పోలీసులు చాలు. వెతకడానికైతే నేను చాలు.

"పది నిమిషాలు టైమివ్వు హనుమంతూ. లోపలి గది చూసి వస్తాను. ఆ తర్వాత నీ జీపు, నీ ఇష్టం."

"జల్ది జెయ్. నాకు మస్తు పనులున్నయ్" అని నా వెనకాలే వచ్చాడు. నన్ను వదిలితే ఏదైనా కనిపెట్టేస్తానని వాడి భయం.

లోపలి గదిలో ఏడు కుట్టు మిషన్లున్నాయి. వేలితో తుడిచి చూశాను. దుమ్ము లేదు, నూనె తడిగా ఉంది. బల్ల కింద కత్తిరింపులు కుప్పగా పడున్నాయి, అన్నీ జిగేలుమనే గుడ్డలే. దండెం మీద ఒకే రంగు, ఒకే కొలత చొక్కాలు నాలుగు వేలాడుతున్నాయి. ఒక మనిషి ఒకే రకం చొక్కాలు నాలుగు కుట్టించుకుంటాడా? ఒక్క సినిమా హీరో తప్ప. ఫైటు సీన్లో ఒకటి చిరిగితే ఇంకోటి తొడగాలి కదా. ఆ చొక్కాల్లో ఒకదానికి అప్పుడే జేబు కుడుతున్నాడొక ముసలాయన. మంచినీళ్ళ సంగతి మర్చిపోయినట్టున్నాడు. లుంగీ ముడి పొట్ట మీద ఇంత ఉండలా కట్టుకున్నాడు. మనవాళ్ళెవరూ అలా కట్టరు.

"ఇతను అసలువాడు" అన్నాను.

"గీ ఒక్కడు దొరికితే కేసు కొట్టేస్తరా?" అన్నాడు హనుమంతు.

నేను వాణ్ణి పట్టించుకోలేదు. కరుణాకుమారి గారి వైపు తిరిగాను. "అమ్మా, నాకు అర్థమైంది. మీవాళ్ళు సినిమావాళ్ళ దగ్గర పనిలో ఉన్నారు. కాస్ట్యూములు, సెట్టింగులు. అవునా?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అందరూ. పదిహేను మందికీ పని దొరికింది. అదే నా ఖర్మ."

"పని దొరికితే ఖర్మేంటండీ? గ్రాంటు ఇచ్చిందే దానికి కదా!"

"దొరికినట్టు రాస్తే పేరు కొట్టేస్తారు. పదిహేను పేర్లూ కొట్టేస్తే గ్రాంటు ఆగిపోతుంది, సంఘం మూతపడుతుంది. వచ్చే నెల కలకత్తా నుంచి ఇంకో పాతిక మంది వస్తున్నారు. చంకలో పిల్లలతో వస్తున్నారు. వాళ్ళనెక్కడ దింపను? 'బాగా పని చేశారు, కాబట్టి ఇక మీకు సాయం లేదు' అంటే నేనెవరికి చెప్పుకోను? సరే, ఒక్కరోజు వచ్చి కూర్చోండర్రా అంటే షూటింగుల్లో సెలవిస్తారా? అందుకని బోరబండ నుంచి ఈ జూనియర్ ఆర్టిస్టుల్ని పిలిపించాను."

హనుమంతు నోరు తెరుచుకుని చూశాడు. "అంటే... పని దొరికినోళ్ళను దాసిపెట్టి, పని లేనోళ్ళ లెక్క నటించెటందుకు వేరేటోళ్ళను పనిల పెట్టినవా?"

"అంతేనండీ" అన్నారావిడ.

వాడికీ నాకూ ఒకేసారి నవ్వొచ్చింది, కానీ ఒకళ్ళ ముందు ఒకళ్ళం నవ్వలేక ఊరుకున్నాం.

"సరే. నాగేశ్వరి ఎక్కడ?" అన్నాను.

"మా నాగేశ్వరికేం, హాయిగా ఉంది" అన్నారు కరుణాకుమారి.

"మీ చుట్టమా?"

"కాదే."

ముసలాయన్ని అడిగాను. "ఏం తాతా, నాగేశ్వరి నీకు తెలుసా?"

"మా నాగేస్సిరా? ఎందుకు తెల్దు బాబూ!"

"నీ కూతురా?"

"కాదు బాబూ. మా నాగేస్సిరి నాకేటీ అవ్వదు."

"ఏమీ కాకపోతే 'మా' నాగేశ్వరి ఎలా అయింది?"

"మా నాగేస్సిరి కాబట్టి మా నాగేస్సిరి అన్నాను. ఏటి బాబూ తిరకాసు?"

తల ప్రాణం తోకకొచ్చింది. హనుమంతు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "గీ ముసలోడు ఆమె తండ్రే. దాస్తున్నడు. నాకిడిస్తే రెండు నిమిషాలల్ల చెప్పిస్త."

"తప్పుకో! ముసలాయన మీద చెయ్యేస్తే నేనూరుకోను."

"నువ్వెవనివి ఊరుకోనీకి?"

మా ఇద్దరి మధ్యా కరుణాకుమారి గారు వచ్చి నిలబడ్డారు. "దాచడానికేముందండీ! ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లో ఉంది. ఏడుపులకి గొంతిస్తుంది. డైలాగులకి పనికిరాదు, వాళ్ళ యాస ఎవరికీ నచ్చదు. ఏడుపుకి యాసేముంటుంది? హీరో తల్లి ఏడ్చినా, చెల్లెలు ఏడ్చినా ఈవిడే. వెళ్ళి చూసుకోండి, నకిలీదో అసలుదో."

అమ్మయ్య అనుకున్నాను. బయటి గదిలో ఉన్న ఫోన్ తీసి సెబాస్టియన్ దిగిన హోటల్‌కి కొట్టాను. గొప్ప చెప్పుకోవాలని నాకెంత తొందరో. "అసలువాళ్ళున్నారు సార్! నాగేశ్వరి ఫిల్మ్ నగర్లో డబ్బింగ్ థియేటర్లో ఉంది, ఇప్పుడే తెలిసింది" అన్నాను.

అవతల ఆ పద్ధతైన గొంతు కొంచెం వణికింది. "మా నాగేశ్వరి అక్కడ ఒక్కత్తే ఉంటుందా, తోడెవరైనా ఉంటారా?"

"ఒక్కత్తే అనుకుంటానండీ."

టక్కున పెట్టేశాడు. థాంక్స్ కూడా లేదు.

నాకు పిచ్చి కోపమొచ్చింది. లోపలికొచ్చి అందరి మీదా విరుచుకుపడ్డాను. "ఏంటండీ ఈ గోల! ఈవిడ మా నాగేశ్వరి అంటుంది, చుట్టం కాదంటుంది. ఈ తాత మా నాగేశ్వరి అంటాడు, ఏమీ కాదంటాడు. ఆఖరికి ఢిల్లీ నుంచొచ్చిన ఆ సెబాస్టియన్ కూడా మా నాగేశ్వరే! అసలీ మనిషి ఎంతమందికేమవుతుంది?"

మిషన్ ఆగింది. ముసలాయన చక్రం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆ బాబు... మా నాగేస్సిరి అన్నాడా?"

"ఇప్పుడే అన్నాడు."

కరుణాకుమారి గారి మొహంలో రక్తం లేదు. "అది మన 'మా' కాదండీ. బర్మా మాట. ఆడమనిషి పేరు ముందు మర్యాదకి 'మా' అంటారు, మనం శ్రీమతి అన్నట్టు. పెద్దవయసు మగవాళ్ళకైతే 'ఊ'. ఇందాక ఊ వీరయ్యా అన్నది అందుకే. వీళ్ళతో ఉండి ఉండి నాకూ అలవాటైపోయింది. కానీ ఆయన... ఆయన బర్మా మొహమే చూడలేదన్నాడే!"

 నాతోనూ అదే అన్నాడు. మ్యాపులో తప్ప చూడలేదన్నాడు.

ఊ వీరయ్య లేచి నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. నాగేశ్వరికి ఒక తమ్ముడున్నాడు, సింహాద్రి. అమ్మా నాన్నా పోయాక ఆవిడే పెంచుకున్న గుంటడు. కాలేజీ పిల్లలతో కలిసి ఊరేగింపులకి వెళ్ళేవాడు. ఒకరోజు సైనికులు నేరుగా ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ఇల్లు చూపించినవాడు తెలుగువాడే. "ఆడి పేరు మాకు తెల్దు బాబూ. మొకం సూసింది మా నాగేస్సిరి ఒక్కత్తే. ఇప్పటికీ ఆడు కలలోకొస్తాడంటాది."

అదీ సంగతి. ఆ ఇల్లు చూపించినవాడే సెబాస్టియన్ అయి, పెద్దమనిషి వేషంలో గ్రాంటులు తనిఖీ చేసే ఉద్యోగం సంపాదించాడు. వాడి మొహం గుర్తుపట్టగల మనిషి ఈ భూమ్మీద ఒక్కత్తే ఉంది. ఆవిణ్ణి వెతకడానికి నన్నూ, సంఘాన్ని బెదిరించడానికి హనుమంతునీ పెట్టాడు. ఆ మనిషి ఎక్కడుందో, ఒంటరిగా ఉందని కూడా, స్వయంగా నేనే ఫోన్ చేసి చెప్పాను. నకిలీవాళ్ళని చూపించినన్నాళ్ళూ ఆవిడ క్షేమంగా ఉంది. నా తెలివితేటలతో ఆ అడ్డు కాస్తా తీసేశాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

థియేటర్‌కి ఫోన్ చేశాం. రికార్డింగ్ జరిగేటప్పుడు రిసీవరు పక్కన పెట్టేస్తారట, కలవలేదు.

"హనుమంతూ, నీ జీపు కావాలి."

వాడు నన్నెగతాళి చేస్తాడనుకున్నాను. "కూసో" అన్నాడంతే.

దారి పొడుగునా వాడు డ్రైవర్ని తిట్టాడు, నేను నన్ను తిట్టుకున్నాను. థియేటర్ ముందు ఇంకా ఏ కారూ లేదు. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది, లోపలికి రావద్దని. తోసుకుని వెళ్ళిపోయాను.

లోపల చీకటిగా ఉంది. తెర మీద ఎవరో నటి శవం మీద పడి ఏడుస్తోంది. ఇవతల మైకు ముందు ఒక బక్కపల్చటి మనిషి, చెంపలకి బర్మావాళ్ళు పూసుకునే పసుపచ్చటి పూత, కళ్ళు తెర మీదే పెట్టి, గుండెలవిసేలా ఏడుస్తోంది. "కట్! ఎవడ్రా వాడు!" అని అద్దం వెనక నుంచి ఇంజనీరు కేకలేశాడు. ఏడుపు ఠక్కున ఆగింది. నాగేశ్వరి చెంగుతో ముక్కు తుడుచుకుని, ఏమీ జరగనట్టు నా వంక చూసింది.

"అమ్మా, నువ్వు వెంటనే బయల్దేరాలి. రంగూన్లో మీ తమ్ముణ్ణి పట్టించినవాడు ఇక్కడికొస్తున్నాడు. తప్పు నాదే. వెనక దారుందా ఇక్కడ?"

ఆవిడ కదల్లేదు. "వస్తన్నాడా? నిజింగా?"

"నిజంగానే! పద!"

"నానెందుకెల్తాను బాబూ? కరుణమ్మ నా పేరు కాగితాల్లో ఎయ్యనంటే, నానే ఎయ్యించుకున్నాను. ఢిల్లీ ఎల్లే కాగితాలు కదా, ఎక్కడో ఓ సోట ఆడి కంట పడకపోదని. ఇన్నాళ్ళకి పడ్డాది."

నాకేమీ అర్థం కాలేదు. దాక్కున్న మనిషిని కాపాడ్డానికి పరుగెత్తుకొస్తే, ఈవిడ ఎదురుచూస్తూ కూర్చుంది!

"వాడు నిన్ను చంపడానికొస్తున్నాడమ్మా!"

"సంపితే సంపుతాడు. నా తమ్ముణ్ణి ఏటి సేసినారో ఆడికొక్కడికే తెలుసు. గుంటడు బతికున్నాడో లేదో ఆ ఒక్క మాటా నాకు సెప్పాల. నాను ఇన్ని ఏడుపులు ఏడిసినాను, ఆడి కోసం ఒక్కటీ ఏడవలేదు. బతికున్నోడి కోసం ఏడిస్తే అపశకునం కదా బాబూ."

 హనుమంతు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఆమెను గాడనే ఉండనియ్" అన్నాడు మెల్లగా. "నేను తలుపెనక ఉంట. వాడు లోపలికొస్తె గల్ల పట్టి గుంజుత."

బయట కారు ఆగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. సెబాస్టియన్, అదే ఇస్త్రీ, అదే పద్ధతి. రెండడుగులు వేశాడో లేదో హనుమంతు వెనక నుంచి కాలరు పట్టి గోడకి నొక్కేశాడు. జేబులు తడిమాడు. కత్తి లేదు, కటారు లేదు, ఒక రుమాలుంది.

నాగేశ్వరి వాడి మొహం దగ్గరికెళ్ళి చూసింది. "నువ్వే" అంది. "నా తమ్ముడేడి?"

వాడు పెనుగులాడలేదు. నాకు అదే వింతగా అనిపించింది. వాడి మొహంలో భయముంది, కానీ అది మమ్మల్ని చూసి కాదు.

"బతికే ఉన్నాడు. నన్నొదిలెయ్యండి సార్. నేను ఉత్త మనిషిని. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను. నన్ను పంపినాయన కారులో ఉన్నాడు" అన్నాడు.

హనుమంతు నా వంక చూశాడు. నేను తలుపు పూర్తిగా తెరిచాను. కర్టెన్లు వేసున్న తెల్ల అంబాసిడర్. వెనక తలుపు తెరుచుకుని ఒక కుర్రాడు దిగాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. తెల్ల చొక్కా, చేతికి గడియారం, తలకి నూనె. ఎండకి కళ్ళు చిట్లించి, మెట్లెక్కి, నేరుగా లోపలికొచ్చాడు. గోడకి అతుక్కుని ఉన్న సెబాస్టియన్ని చూసి, పనిచేతకాని నౌకరుని చూసినట్టు మొహం చిట్లించాడు. ఆ తర్వాత నాగేశ్వరిని చూశాడు.

"సింహాద్రీ" అందావిడ. 

"అప్పా, ఎక్కువ టైము లేదు" అన్నాడు వాడు. "నీతో వచ్చినోళ్ళు పద్నాలుగు మంది. పేర్లు మా దగ్గరున్నాయి. ఎవరెవరు ఎక్కడ పని చేస్తన్నారో అది ఒక్కటీ చెప్పు. నిన్ను ఏమీ చెయ్యరు, సైన్యంలో మా పెద్దల దగ్గర మాట తీసుకునే వచ్చాను."

హనుమంతు చెయ్యి సెబాస్టియన్ కాలరు మీద నుంచి జారిపోయింది. నేనెవరి మీద దూకాలో, ఎవర్ని ఆపాలో తెలియక చేతులు చాపుకుని నిలబడ్డాను. అద్దం వెనక ఇంజనీరు కూడా లేచి నిలబడ్డాడు.

నాగేశ్వరి ఆ మాటలు విన్నట్టే లేదు. తమ్ముడి దగ్గరికి నడిచింది. రెండు చేతుల్తో వాడి మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు.

"సిక్కిపోనావురా" అంది.